ఉస్కో అన్నదెవరు?

కైకలూరు దాటి ఆటపాక వైపు వెళ్తుంటే రోడ్డుకి అటూ ఇటూ చేపల చెరువులే. ఓ సాయంత్రం ఆ దారిలో బండి ఆపి పక్షులను చూస్తూ గట్టు మీద నిలబడి ఉన్నాను. గడ్డిలోంచి గోధుమరంగు కుక్క ఒకటి వచ్చింది. మూతికి నెత్తురు. వెనకాలే కాపలా ఆయన వచ్చాడు. నా చేతిలో కెమెరా చూసి ఏమనుకున్నాడో, నేనేమీ అడక్కముందే, "నక్కపిల్లండి. మేం ఉస్కో అనలేదండి. అదే పోయిందండి" అన్నాడు.

ఆయనకు సెక్షన్లు తెలియవు. కానీ నేరం ఎక్కడ మొదలవుతుందో మాత్రం తెలుసు. కుక్క పరిగెత్తడంలో కాదు, పళ్ళు దిగడంలో కాదు, మనిషి నోట్లోంచి వచ్చే ఆ రెండక్షరాల్లో ఉందని ఆయనకు తెలుసు. కుక్కలతో అడవి జంతువులను వేటాడటం చట్టానికి ఒప్పా అన్న ప్రశ్న మొత్తం ఆయన చెప్పిన ఆ ముక్కల్లోనే ఉంది. ఉస్కో అంటే ఏమవుతుంది? అనకుండానే కుక్క పోతే ఏమవుతుంది? మొదటి దానికి చట్టం జవాబు గట్టిగా ఉంది. రెండో దానికి జవాబు దాదాపు లేదు. ఆటపాక ఉన్న ఈ కొల్లేటి సరస్సు చుట్టూ అడవి జంతువులకు ఎక్కువ చేటు ఆ రెండో దారిలోనే జరుగుతోందని నా నమ్మకం.

అమెరికాలో ఈ ప్రశ్న కోయోటీ అనే జంతువు మీద నడుస్తుంది. దానికి తెలుగులో పేరు లేదు, మన దగ్గర అది లేదు గనక. మన నక్కకు అది వేలువిడిచిన చుట్టం. ఒకే ప్రజాతి, కాస్త పెద్ద ఒడ్డు, అదే ఊళ, అదే బతుకుతెరువు. ఊరికీ అడవికీ మధ్య నిలబడి రెండు వైపులా తిని బతకడం. ఆ జాగాలో ఇక్కడ ఉన్నది నక్క. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వరకు, అటు కైకలూరు నుంచి ఆకివీడు వరకు, చెరుకు తోటల్లోనూ తూటుకాడ పొదల్లోనూ పగలంతా పడుకుని రాత్రి తిరిగే జంతువు అది. దాని ఊళ వినని పాతతరం మనిషి ఈ ప్రాంతంలో ఉండడు.

మన భాష నక్కకు న్యాయం చెయ్యలేదు. జిత్తులన్నీ దానికే కట్టాం, దొంగ వినయాలన్నీ దానికే అంటగట్టాం. అదృష్టం వచ్చినవాణ్ణి మాత్రం నక్క తోక తొక్కి వచ్చాడంటాం. నిజానికి డెల్టా రైతుకు నక్క చేసే మేలు పొలంలో ఉంది. వరి గట్లలో ఎలుకలు పడితే బుట్టలు పెట్టించి, పట్టిన ఎలుకకింత అని లెక్కకట్టి డబ్బిచ్చే అలవాటు ఇక్కడ ఉంది. నక్క ఆ పని ఉచితంగా చేస్తుంది. పుచ్చకాయలు కొరుకుతుంది, చెరుకు నములుతుంది, సందు దొరికితే కోళ్ళను ఎత్తుకుపోతుంది. అదీ నిజమే. రెండూ లెక్కలో ఉండాలి.

ఇక చట్టం సంగతి. కథ 1972లో మొదలుపెట్టాలి. ఆ ఏడాది వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చినప్పుడు దేశంలో వేట పూర్తిగా ఆగిపోలేదు. లైసెన్సులు ఉండేవి. పెద్ద జంతువులకు ఒకటి, చిన్నవాటికి ఒకటి, వలలతో బోనులతో పట్టేవాళ్ళకు ఇంకొకటి. వేటాడేవాడు పాటించాల్సిన నియమాలు 17వ సెక్షన్‌లో వరసగా రాసి ఉండేవి. మోటారు బండి మీంచి వేటాడకూడదు, రాత్రి పూట దీపం కొట్టి కాల్చకూడదు, జంతువులు నీళ్ళు తాగే చోట మాటు వెయ్యకూడదు, పొదలకు నిప్పు పెట్టి తరమకూడదు. ఆ వరసలోనే కుక్కల ప్రస్తావన వచ్చింది. నీటిపక్షులు, చకోరాలు, కౌజులు, పూరేళ్ళు తప్ప మరే అడవి జంతువునూ కుక్కల సాయంతో వేటాడకూడదు. పక్షులకు మినహాయింపు ఎందుకో కొల్లేటి మనిషికి చెప్పక్కర్లేదు. దెబ్బతిన్న బాతు నీళ్ళలో, తుంగలో పడితే వెతికి తెచ్చేది కుక్కే.

అంటే వేట లైసెన్సుతో సాగిన రోజుల్లో కూడా కుందేలు మీదికి, పంది మీదికి కుక్కలను వదలడం ఈ దేశంలో తప్పే. ఈ ముక్క చాలామందికి తెలియదు. 'మా తాతల కాలంలో అందరూ చేసేవారు, నిన్నగాక మొన్న ఆపారు' అనుకుంటారు. ఆపి యాభై ఏళ్ళు దాటింది.

1991లో చట్టాన్ని సవరించి లైసెన్సు వేటనే ఎత్తేశారు. దాంతో పాటు 17వ సెక్షన్ కూడా పోయింది. ఇప్పుడు చట్టం పుస్తకం తిరగేస్తే వేటకుక్క అన్న మాట ఎక్కడా కనపడదు. 'మరి కుక్కలతో వేటాడకూడదని రాసి లేదు కదా' అని నాతో వాదించినవాళ్ళున్నారు. తలుపే మూసేశాక గడియ ఎటు వెయ్యాలో రాయక్కర్లేదు. 9వ సెక్షన్ ప్రకారం షెడ్యూళ్ళలో ఉన్న ఏ అడవి జంతువునూ వేటాడకూడదు. దేంతో అన్నది ప్రశ్నే కాదు.

మూడో మలుపు 2022 సవరణ. ఇది 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆరు షెడ్యూళ్ళు నాలుగయ్యాయి. జంతువులకు మిగిలినవి రెండు. పాత రెండో షెడ్యూల్లో ఉన్న నక్క ఈ సర్దుబాటులో మొదటి షెడ్యూల్‌కు ఎక్కింది. పులి, చిరుత, తోడేలు ఉన్న జాబితా అది. బావురుపిల్లి, ఉడుము ముందునుంచీ అక్కడే ఉన్నాయి. నీటికుక్క కూడా వచ్చి చేరింది. కుందేలు, అడవిపంది రెండో షెడ్యూల్లో ఉన్నాయి.

ఈ మార్పు కొల్లేటి గట్ల మీద ఎంతమందికి చేరింది? నేను మాట్లాడినవాళ్ళలో ఒక్కరికీ తెలియదు. కానీ శిక్షలో తేడా చిన్నది కాదు. రెండో షెడ్యూల్ జంతువును మామూలు పొలంలో వేటాడితే మూడేళ్ళ వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మొదటి షెడ్యూల్ జంతువైతే తక్కువలో తక్కువ మూడేళ్ళు, ఎక్కువలో ఎక్కువ ఏడేళ్ళు, జరిమానా 25,000కు తగ్గకూడదు. నక్క మీద కుక్కను వదిలినవాడు ఇప్పుడు ఈ రెండో లెక్కలోకి వస్తాడు. పైగా అభయారణ్యం లోపల వేటాడితే జంతువు ఏ షెడ్యూల్‌దైనా అదే పెద్ద శిక్ష. కొల్లేరు 1999 నుంచి అభయారణ్యం. అయిదో కాంటూరు అనే ఎత్తు గీత వరకు 308 చదరపు కిలోమీటర్లు. ఆ గీత లోపల కుందేలును పట్టినా లెక్క మారిపోతుంది.

కుక్క జంతువును చంపకపోతే? తరిమి వదిలేస్తే? ఇక్కడే చట్టం రాసినవాళ్ళు జాగ్రత్తపడ్డారు. వేట అన్న మాటకు చట్టం ఇచ్చిన అర్థంలో చంపడం, పట్టడం, విషం పెట్టడం, ఉచ్చు వేయడం ఉన్నాయి. జంతువును తరమడం కూడా ఉంది. అందులో దేనికి ప్రయత్నించినా అదీ వేటే. కాబట్టి కుందేలు తప్పించుకుని తుప్పల్లో దూరినా, ఉస్కో అన్న క్షణానికే వేట అయిపోయింది. 52వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకేసింది. ప్రేరేపించినవాడూ చేసినవాడితో సమానమే. చెరువు యజమాని ఫోన్లో 'ఆ నక్కల సంగతి చూడరా' అంటే, గట్టు మీద కుక్క గొలుసు విప్పినవాడు ఒక్కడే బోను ఎక్కక్కర్లేదు.

తెలుగులో ఉసిగొల్పడం అన్న మాట ఉంది. కోర్టు భాషకు ఇంతకన్నా సరైన మాట దొరకదు. కుక్కకు బుద్ధి లేదు, కక్ష లేదు. ఆ రెండూ ఉసిగొల్పినవాడివి.

ఒక చిక్కు మాత్రం ఉంది. ఆయుధం అన్న మాటకు చట్టం పెద్ద జాబితా ఇచ్చింది. తుపాకీ, విల్లమ్ములు, కత్తి, వల, గాలం, విషం, ఉచ్చు, జంతువును చంపగల గాయపరచగల ఏ పరికరమైనా అందులో ఉంది. కుక్క లేదు. అభయారణ్యంలోకి ఆయుధంతో వెళ్ళాలంటే 31వ సెక్షన్ కింద ముందే అనుమతి తీసుకోవాలి. నాలుగు జాగిలాలను వెంటబెట్టుకుని వెళ్ళేవాణ్ణి ఆ సెక్షన్ కింద ఆపగలరా? ప్రాణమున్న కుక్కను పరికరం అనలేం గనక ఆపడం కష్టమని నేననుకుంటాను. ఇతర సెక్షన్లతో ఆపొచ్చు. లోపలికి అనుమతి లేకుండా వెళ్ళడమే తప్పు, జంతువులను బెదరగొట్టడమూ తప్పే. కానీ చేతిలో కత్తి ఉన్నవాడి మీద పడే కేసు, చేతిలో నాలుగు గొలుసులున్నవాడి మీద అంత తేలిగ్గా పడదు. తుపాకీకి లైసెన్సు కావాలి, నాటు కుక్కకు ఎవరూ అడగరు. అందుకే ఇది పేదవాడి తుపాకీ అయింది.

ఇక మినహాయింపులు. మీద పడిన జంతువు నుంచి ప్రాణం కాపాడుకోవడానికి మంచి మనసుతో చంపితే నేరం కాదు. చచ్చిన జంతువు మాత్రం సర్కారుది. తోలు ఒలుచుకోవడానికీ కూర వండుకోవడానికీ వీల్లేదు. రెండో మినహాయింపు 11వ సెక్షన్. రెండో షెడ్యూల్ జంతువు మనుషుల ప్రాణానికో, ఆస్తికో, నిలిచి ఉన్న పంటకో ముప్పు తెస్తోందని చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ కారణాలు రాసి ఉత్తర్వు ఇస్తేనే దాన్ని చంపొచ్చు. మొదటి షెడ్యూల్ జంతువుకైతే పంట మాటే లేదు. మనిషి ప్రాణానికి ప్రమాదమైనా కావాలి, బాగుపడని గాయమో జబ్బో అయినా ఉండాలి. అదీ పట్టి తరలించే దారి లేనప్పుడే.

కుక్కలకు అసలు పని దొరుకుతున్నది ఈ 11వ సెక్షన్ చుట్టూనే. కొల్లేటి గట్ల మీద కాదు, మెట్టలో. ద్వారకా తిరుమల, కామవరపుకోట, చింతలపూడి, జంగారెడ్డిగూడెం వైపు మొక్కజొన్న, దుంపలు, లేత పామాయిల్ మొక్కలు అడవిపందులకు విందు. ఒక్క రాత్రిలో ఎకరం మొక్కజొన్న నేలకూలితే ఆ రైతు బాధ పట్నంలో కూర్చున్నవాడికి అర్థం కాదు. నాకు ఆ రైతు మీద కోపం లేదు. ఆయన ముందు మూడు దారులున్నాయి. కరెంటు తీగ పెట్టడం, కుక్కలను పెంచడం, అటవీ ఆఫీసుకు వెళ్ళి అర్జీ పెట్టడం. మొదటిది పందినే కాదు, తెల్లారగట్ల నీళ్ళు పెట్టడానికి వచ్చిన పక్క రైతునూ చంపుతుంది. అలా పోయిన ప్రాణాల వార్తలు మనం ఏటా చదువుతూనే ఉన్నాం. మూడోది ఆలస్యం. అందుకని రెండోదే మంచిదనిపిస్తుంది. చేను చుట్టూ కుక్క తిరిగి మొరిగి పందిని బెదరగొడితే అది కాపలా. అదే కుక్కలను గుంపుగా వదిలి పందిని నిలవేయించి బల్లెంతో పొడిస్తే అది వేట. గీత అక్కడుంది. పంది తన కోరతో కుక్క కడుపు చీరడం, పిల్లలతో ఉన్న తల్లిపంది చుట్టూ అయిదారు కుక్కలు పడటం చూసినవాళ్ళెవరూ దాన్ని పంట రక్షణ అనలేరు.

దీనికి దారి లేదా? కేరళ ప్రభుత్వం 2022లో పంచాయతీ అధ్యక్షులకు గౌరవ వార్డెన్ హోదా ఇచ్చి, పంట మీద పడే అడవిపందిని లైసెన్సున్న తుపాకీతో చంపించే అధికారం ఇచ్చింది. విషం, పేలుడు పదార్థాలు, కరెంటు పెట్టకూడదని షరతు పెట్టింది. 62వ సెక్షన్ కింద కేంద్రమే ఒక జంతువును ఒక ప్రాంతంలో కొంతకాలం హానికర జంతువుగా ప్రకటించే దారి కూడా ఉంది. బీహారులో నీల్గాయినీ పందినీ, ఉత్తరాఖండ్‌లో పందినీ, హిమాచల్‌లో కోతినీ అలా ప్రకటించారు. రెండిట్లో నాకు కేరళ పద్ధతే మేలనిపిస్తుంది. ఊళ్ళో తెలిసిన మనిషి ఉత్తర్వు ఇస్తాడు, ఎన్ని చంపారో లెక్క ఉంటుంది, జంతువు ఒక్క గుండుతో పోతుంది. హానికర జంతువని ప్రకటించాక అడిగేవాడుండడు. అప్పుడు కుక్కలైనా, ఉచ్చులైనా అన్నీ బయటికొస్తాయి.

కుక్కలతో వేట అనగానే పోలీసు రికార్డులో, పత్రిక వార్తలో ముందు కనపడే మనుషుల గురించి కొంచెం ఆగి మాట్లాడాలి. నక్కలవాళ్ళు అనే కులం ఉంది. పిట్టలోళ్ళనీ అంటారు. పేరులోనే నక్క ఉంది. నక్కలను, పిట్టలను పట్టి బతికిన సంచార జాతి. ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డ్ తెగల జాబితాలో నక్కల, కుర్వికరన్ అని వీళ్ళ పేరు ఉంది. పూసలూ సూదులూ అమ్ముకుంటూ రైల్వే స్టేషన్ల దగ్గర, సంతల్లో కనపడతారు. నక్క ఊళ వేసి నక్కను దగ్గరికి పిలిచే విద్య వీళ్ళది. నక్క కొమ్ము పేరుతో ఏదో వెంట్రుకల ముక్కను అదృష్టానికి అమ్మే మోసం కూడా కొందరి చేతుల్లో నడిచింది. నక్కకు కొమ్ము ఉండదు. కొనేవాడు లేకపోతే ఆ సరుకు లేదు. కొనేది వీళ్ళు కాదు, డబ్బున్న ఇళ్ళవాళ్ళు. చట్టం లెక్కలో కొని దాచుకోవడం కూడా నేరమే.

యానాదులది ఇంకో కథ. డెల్టాలో ఎలుకలు పట్టడంలో వాళ్ళను మించినవాళ్ళు లేరు. కలుగులో పొగ పెట్టి, ఇంకో వైపు నుంచి వచ్చే ఎలుకను పట్టడం, పక్కన ఒక కుక్క కలుగు వాసన చూసి చెప్పడం ఎన్నో ఊళ్ళలో చూసే దృశ్యం. ఇది చట్టానికి విరుద్ధమా? కాదు. పాత చట్టంలో ఎలుకలు, కాకులు అయిదో షెడ్యూల్లో హానికర జంతువులుగా ఉండేవి. ఇప్పుడు ఆ షెడ్యూలే లేదు, పొలం ఎలుక ఏ జాబితాలోనూ లేదు. కుక్కతో ఎలుకను పట్టేవాణ్ణి ఎవరూ ఆపలేరు. ఆపితే ఆయన నిలబడి అడగొచ్చు. కానీ భుజాన సంచీ, వెనక కుక్క ఉన్న యానాది మనిషిని చూడగానే వేటగాడే అనుకునే కళ్ళు మనవి. ఇలాంటి చూపుతోనే ఎరుకల వాళ్ళను దొరతనం వారు చట్టం చేసి నేరస్థుల జాతిగా ముద్ర వేశారు. ఆ చట్టం 1952లో పోయింది, చూపు పోలేదు. కలుగు దగ్గర కూర్చున్న కుక్కనూ, రాత్రి జీపులో వచ్చి చెరుకు తోట చుట్టూ వదిలే ఖరీదైన వేటజాతి కుక్కలనూ ఒకే గాటన కట్టడం అన్యాయం. రెండో పనిలో పొట్టకూటి మాట లేదు, సరదా మాత్రమే ఉంది.

పోలవరం, బుట్టాయగూడెం వైపు కోయలకూ కొండరెడ్లకూ 2006 అటవీ హక్కుల చట్టం చాలా హక్కులు తిరిగిచ్చింది. అడవి భూమి, ఫలసాయం, సంప్రదాయ వాడకం అన్నీ రాసింది. వేటను మాత్రం పేరు పెట్టి మినహాయించింది. పండుగ వేటను కూడా అది కాపాడదు. దేవుడికి పారువేట చేసే సంప్రదాయం మనకు ఉంది. కనుమ నాడు తిరుమలలో మలయప్పస్వామి వేటకు వెళ్తాడు, ఏ జంతువుకూ దెబ్బ తగలదు. ఆ పండుగ అలా మారి నిలబడింది. తమిళనాడులో సేలం దగ్గర కొన్ని ఊళ్ళు సంక్రాంతికి నక్కను పట్టి ఊరేగించి వదిలే ఆచారాన్ని అటవీ శాఖ ఏటా అడ్డుకుంటూ వస్తోంది.

వేట కాక వినోదమైతే ఇంకో చట్టం వస్తుంది. 1960 జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ ప్రకారం వినోదం కోసం ఒక జంతువును ఇంకో జంతువు మీదికి ఉసిగొల్పడం, ఒకదాన్ని కట్టేసి ఇంకోదానికి ఆహారంగా వదలడం నేరం. మాటలు బాగున్నాయి. శిక్ష చూడండి. మొదటిసారి పది రూపాయల నుంచి యాభై రూపాయల జరిమానా. అరవై ఏళ్ళ కిందటి యాభై అది. తాడేపల్లిగూడెం బస్టాండులో రెండు ప్లేట్ల టిఫినుకు చాలదు. ఊరపందుల మీద, పిల్లుల మీద కుక్కలను వదిలి ఫోన్లో తీసేవాళ్ళ మీద వన్యప్రాణి చట్టం వాడలేం, ఈ చట్టం వాడాలి. ఎందుకంటే ఊరపందీ ఊరపిల్లీ అడవి జంతువులు కావు. ఈ అంకెలు మార్చాలని చాలా ఏళ్ళుగా అడుగుతున్నారు. మార్చకుండా ఈ చట్టంతో కుర్రాళ్ళను భయపెట్టడం జరిగే పని కాదు.

బయటి దేశాల సంగతి రెండు ముక్కల్లో చెప్తాను, పోలిక కోసం. ఊటీలో దొరలు నక్కల వెనక ఫాక్స్‌హౌండ్లను వదిలి గుర్రాల మీద తరిమేవారు. గుంటనక్కను తరిమే తమ దేశపు ఆటకు ఇక్కడి బదులు అది. ఆ ఆట పుట్టిన ఇంగ్లండ్, వేల్స్‌లో 2004లో చట్టం చేసి, 2005 ఫిబ్రవరి నుంచి కుక్కల గుంపుతో అడవి జంతువులను తరిమి చంపడాన్ని ఆపేశారు. స్కాట్లాండు అంతకు ముందే 2002లో ఆపింది, 2023లో ఇంకా బిగించింది. అమెరికాలో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో లెక్క. చాలా రాష్ట్రాల్లో కోయోటీకి వేట సీజనంటూ లేదు, ఏడాది పొడుగునా వేటాడొచ్చు, కుక్కలతోనూ వేటాడొచ్చు. కానీ అక్కడ కూడా కంచె వేసిన స్థలంలో కోయోటీలను వదిలి కుక్కలతో తరిమించే పద్ధతిని ఫ్లోరిడా 2010లో నిషేధించింది. కాలిఫోర్నియా 2014లో కోయోటీలను చంపి బహుమతులు గెలుచుకునే పోటీలను ఆపింది. టెక్సాస్‌లో ఇల్లు కట్టుకున్న మనవాళ్ళు పెరట్లోకి కోయోటీ వచ్చిందని ఫోటోలు పంపిస్తుంటారు. అక్కడ చంపకూడదని రాస్తే తప్ప చంపొచ్చు, ఇక్కడ చంపొచ్చని రాస్తే తప్ప చంపకూడదు. అక్కడి వీడియోలు చూసి ఇక్కడ కుక్కలకు శిక్షణ ఇచ్చే కుర్రాళ్ళు తెలుసుకోవాల్సిన తేడా ఇదొక్కటే.

ఇప్పుడు గట్టు మీది కాపలా ఆయన దగ్గరికి వస్తాను. మేం ఉస్కో అనలేదండి అన్నాడు. నేను నమ్మాను. ఆయన అన్నది నిజమైతే చట్టం ఆయన్ను ఏమీ చెయ్యలేదు. వేటకు మనిషి కావాలి. మనిషి లేని చోట నేరం లేదు. నక్కపిల్ల మాత్రం చచ్చిపోయింది.

కొల్లేటి మధ్యలో 46, ఒడ్డున 76 ఊళ్ళున్నాయి. ప్రతి ఊళ్ళో కుక్కలున్నాయి. ప్రతి చెరువు గట్టు మీద కాపలాకి రెండో మూడో కుక్కలున్నాయి. వాటికి తిండి పెట్టేవాళ్ళు తక్కువ. చచ్చిన చేపలు, కొన్ని చోట్ల చేపల మేతకని రహస్యంగా తెచ్చే కోడి వ్యర్థాలు తిని అవి బతుకుతాయి. ఆ తిండికే నక్కా వస్తుంది. ఇద్దరూ ఒకే కుప్ప దగ్గర కలుస్తారు. కుక్క గుంపుగా ఉంటుంది, నక్క ఒంటరిగానో జంటగానో ఉంటుంది. నక్క పిల్లలు, గట్టు మీద గుడ్లు పెట్టే పక్షులు, గూట్లోంచి కింద పడిన గూడబాతు పిల్లలు కుక్కలకు దొరికిపోతాయి.

ఇంకో ప్రమాదం కంటికి కనపడదు. కుక్కలకు వచ్చే రేబిస్, డిస్టెంపర్ నక్కకూ వస్తాయి. గిర్ అడవిలో 2018లో సింహాలు డిస్టెంపర్‌తో చచ్చిపోయాయి. రేబిస్ వచ్చిన నక్క పట్టపగలు ఊళ్ళోకి వచ్చి మనుషులను కరుస్తుంది. అలా కరిస్తే సబ్బుతో పదిహేను నిమిషాలు ధారగా నీళ్ళు పోసి కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళి టీకా వేయించుకోవాలి. పసుపూ కారమూ పెట్టకూడదు.

చట్టానికి ఈ సంగతి పూర్తిగా తెలియదని కాదు. అభయారణ్యం చుట్టూ అయిదు కిలోమీటర్లలో పశువులకు టీకాలు వెయ్యాలని 33-ఏ సెక్షన్ చెబుతోంది. పశువులంటే ఏవో చెప్పే జాబితాలో ఆవు, గేదె, మేక, గొర్రె, గాడిద, ఒంటె, పంది ఉన్నాయి. కుక్క లేదు. అడవి జంతువుకు రోగం అంటించే అవకాశం అన్నిటికన్నా ఎక్కువున్న పెంపుడు జంతువు పేరే ఆ జాబితాలో లేదు. మరోవైపు 2023 కుక్కల జనన నియంత్రణ నియమాలు వీధి కుక్కకు ఆపరేషను చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలాలంటాయి. పట్టిన చోటు పక్షులు గూళ్ళు కట్టే గట్టు అయితే ఏం చెయ్యాలి? 2025లో సుప్రీంకోర్టు వీధి కుక్కల మీద వరసగా ఉత్తర్వులిచ్చింది. ఆగస్టు 11న ఢిల్లీ ప్రాంతంలో అన్నిటినీ షెల్టర్లకు తరలించమంది, 22న దాన్ని సడలించి టీకా వేసిన వాటిని తిరిగి వదలొచ్చంది, నవంబరులో బడులు, ఆసుపత్రులు, బస్టాండ్ల ప్రాంగణాల నుంచి తీసెయ్యమంది. ఆ చర్చంతా మనిషిని కరిచే కుక్క గురించి. పక్షిని, నక్కను కరిచే కుక్క గురించి కూడా ఎవరో ఒకరు అడగాలి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. కుక్కను చంపమని నేననడం లేదు. విషం పెట్టిన మాంసం ముక్క కుక్కతో ఆగదు, గద్దకూ నక్కకూ నీటికీ పాకుతుంది. కుక్క గురించి నియమాలు మాత్రమే చూస్తూ కొల్లేటికి న్యాయం చేద్దామనుకోవడం కుక్క తోక పట్టుకుని గోదారి ఈదడమే. చెయ్యాల్సింది మనుషులతో చేసే పని. అయిదో కాంటూరు లోపల చెరువు గానీ జిరాయితీ పొలం గానీ ఉన్న ప్రతివాడూ తన కాపలా కుక్కలు ఎన్నో చెప్పి, ప్రతిదానికీ టీకా వేయించి, మెడకు పట్టీ కట్టాలని ఒక ఉత్తర్వు వస్తే చాలు. అభయారణ్యం నిర్వహణకు కావలసిన ఏర్పాట్లు చేసే అధికారం 33వ సెక్షన్ చీఫ్ వార్డెన్‌కు ఇస్తోంది. అందులోంచే ఈ ఉత్తర్వు రావచ్చని నా వాదన. పట్టీ ఉన్న కుక్క నక్కపిల్లను చంపితే అడగడానికి ఒక మనిషి ఉంటాడు. అప్పుడు 'అదే పోయిందండి' అన్న జవాబు ఒక్కటే సరిపోదు.

ఫిర్యాదు చేసే దారి కూడా చాలామందికి తెలియదు. వన్యప్రాణి కేసుల్లో కోర్టు మామూలుగా అటవీ అధికారి ఫిర్యాదు మీద కదులుతుంది. మామూలు మనిషి కూడా అరవై రోజుల ముందు నోటీసిచ్చి తానే కోర్టుకు వెళ్ళొచ్చని 55వ సెక్షన్‌లో ఉంది. ఏలూరులో వన్యప్రాణి విభాగం ఆఫీసు ఉంది. రాత్రి జీపు నంబరు రాసిపెట్టుకున్న రైతు, కెమెరాలో కుక్కల గుంపును పట్టుకున్న పక్షుల అభిమాని అక్కడికి వెళ్ళొచ్చు.

ఆ సాయంత్రం కాపలా ఆయన కుక్కను గుంజకు కట్టేశాడు. ఇంకో రెండు పిల్లలు ఉండాలండి, తల్లి రాత్రికొచ్చి తీసుకుపోద్దేమో అన్నాడు. తూముకు అవతల కలుగు నోరు చూపించాడు. చీకటి పడేదాకా ఇద్దరం అటు వెళ్ళలేదు.